పసుపు సొమ్ములో విత్తనపు పాలు



మాఘము వెళ్ళి ఫాల్గుణము ప్రవేశించునప్పటికి మన మెట్‌పల్లి మార్కెట్టు యార్డు పసుపు రాశులతో నిండును. తొమ్మిది మాసములు భూమిలో పెరిగిన పంటను త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెఱుగు పట్టించి సంచులకెత్తి తెచ్చిన రైతు, కాంటా ముగిసిన పిమ్మట సంవత్సరమున కొక్కసారి పెద్ద మొత్తమును కన్నులజూచును. ఆ మొత్తము ఏమగుచున్నదన్న విషయమును గూర్చియే ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచితిని. దుంపకుళ్ళు తెగులును గూర్చియో, మురుగునీటి కాలువలను గూర్చియో వ్రాయవలసినవాడు డబ్బుమాట యెత్తుకొన్నాడేమని కొందఱు తలచవచ్చును. తెగులు వలన చెడిన పసుపు మడులకంటె అప్పు వలన చెడిన పసుపు కాపురములను నేను ఎక్కువగా చూచితిని. అదియే కారణము.

పసుపు రైతునకు ఒక మంచి యాచారము కలదు. పంట త్రవ్విన వెంటనే, ఉడుకబెట్టుటకు ముందే, మేలైన దుంపలను విత్తనమునకై వేఱుచేయును. చెట్టునీడను కుప్పపోసి, పసుపుటాకులు కప్పి, మట్టి మెత్తి మృగశిర కార్తె వఱకు కాపాడును. ఎకరమునకు 8 మొదలు 10 క్వింటాళ్ళ వఱకు విత్తనము కావలెను గదా! ఇంట పెండ్లి యున్నను, ధర యెంత పలికినను ఆ కుప్పమీద చేయి వేయడు. "విత్తనము తిన్నవాడు వ్యవసాయమేమి చేయును" అని చిన్నపిల్లవాడు గూడ చెప్పగలడు. అయితే మృగశిరలో విత్తనము మాత్రమే చాలదు. పశువుల యెరువు, దుక్కికూలి, బోదెల కూలి, ఎరువుల బస్తాలు, కలుపుకూలి, వీటన్నిటికిని రొక్కము కావలెను. ఆ రొక్కమును విత్తనమువలె కుప్పపోసి దాచిన రైతులను నేను వ్రేళ్ళమీద లెక్కింపగలను.

కొన్నియేండ్ల క్రిందట జ్యేష్ఠమాసమున ఒక రైతు నా యొద్దకు వచ్చెను. ఊరు చెప్పను, మెట్‌పల్లికి సైకిలు దూరమే. విత్తనశుద్ధిని గూర్చి అడుగవచ్చెనేమో యనుకొంటిని. కాదు. "సారూ, ఎనుబదివేలు కావలె. ఇచ్చెటాయన జమానతు అడుగుతున్నడు, నీవొక మాట చెప్పు" అనెను. ఆయన మూడునెలల క్రిందటనే రెండెకరముల పసుపు అమ్మి 3,00,000 రూపాయలు ఇంటికి కొనిపోయినవాడు. నేను ఆశ్చర్యపడి, ఆ సొమ్మేమైనదని అడిగితిని. "ఏమైంది సారూ, అయిపోయింది" అనెను. సరే, కూర్చుండుమని చెప్పి కాగితము తీసి ఇద్దఱమును లెక్క వ్రాసితిమి.

వెనుకటి యేటి ప్రైవేటు అప్పు లక్ష, దానిమీద నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి ఇరువదినాలుగు వేలు, వెరసి 1,24,000. త్రవ్వకపు కూలి, ఉడుకబెట్టిన ఖర్చు, మెఱుగు, బండి కిరాయి 46,000. బిడ్డ వేడుకకు 60,000. మోటారుసైకిలునకు మొదటి కిస్తు 25,000. కిరాణా దుకాణము బాకీ, చేబదుళ్ళు 22,000. ఇంతవఱకు 2,77,000 తేలినది. మిగిలిన 23,000 ఎక్కడికి పోయినదో ఆయనకు ఎంత ఆలోచించినను తోచలేదు. ఏటీఎం యంత్రమునుండి వేయి, రెండువేలు చొప్పున తీసితినని మాత్రము చెప్పెను. ఈ లెక్కలో మన సంఘపు పంటఋణము లేదని గమనింపుడు. లక్ష రూపాయల ఆ ఋణము గడువు దాటి అట్లే యున్నది. ప్రభుత్వము మాఫీ చేయునని ఆయన యెదురుచూచుచున్నాడు. నాలుగు రూపాయల వడ్డీ అప్పును నిలిపి ఇరువదినాలుగు రూపాయల వడ్డీ అప్పును మరల తెచ్చుటకు ఆయన వచ్చెనన్నమాట.

"రెండు రూపాయల మిత్తే గద సారూ" అని ఆయన అన్న మాటలోనే చిక్కంతయు ఉన్నది. మన ప్రాంతమున వడ్డీని నెలకు నూటికి ఇంత యని చెప్పుదురు. బ్యాంకులు, సంఘములు సంవత్సరమునకు నూటికి ఇంత యని చెప్పును. రెండు చిన్నదిగాను, ఏడు పెద్దదిగాను చెవికి వినబడును. నెలకు రెండన్నచో ఏటికి ఇరువదినాలుగు. లక్షకు ఏటికి 24,000. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంటఋణమునకు వడ్డీ నూటికి 7, లక్షకు 7,000. గడువులోపల చెల్లించినవారికి అందులో 3 తగ్గి 4 మాత్రమే పడును, అనగా 4,000. ఈ వడ్డీ రాయితీ 2006–07 నుండి ఉన్నది. సకాలపు చెల్లింపునకు మూడు శాతము తగ్గింపు 2011–12 నుండి వచ్చుచున్నది. 2025–26 సంవత్సరమునకు గూడ కేంద్రప్రభుత్వము దానిని కొనసాగించినది. 2025 జనవరి 1 నుండి 2 లక్షల వఱకు తాకట్టు లేకుండగనే వ్యవసాయ ఋణ మీయవలెనని రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. ఒకే లక్షమీద 24,000 ఒకచోట, 4,000 మఱియొకచోట. తేడా 20,000 రూపాయలు. ఆ రైతు బిడ్డ వేడుకలో మూడవవంతు ఇందులోనే వెళ్ళును.

ప్రోనోటు సంగతి ఇంతకన్న విపరీతము. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి మూడేండ్లు దాటిన నోటు కోర్టులో చెల్లకుండ పోవును గనుక, మూడవయేడు ముగియక మునుపే ఋణదాత పాత నోటును చింపి క్రొత్తది వ్రాయించుకొనును. లక్షకు మూడేండ్ల మిత్తి 72,000 కలిసి 1,72,000 కు క్రొత్తనోటు పుట్టును. ఇక మీదట మిత్తిమీద మిత్తి నడచును. మఱి మూడేండ్లకు దానిమీద 1,23,840, వెరసి 2,95,840. పైకము ఒక్కటియు తీసికొనకుండగనే ఆఱేండ్లలో లక్ష మూడు లక్షలైనది. ఈ లెక్కను ఆ రైతు చేతనే వ్రాయించితిని. వ్రాసినవాడు నేనైనచో నమ్మకపోయెడివాడేమో!

మాఫీ మాట. మాఫీలు రాలేదని నేననను. 2008లో కేంద్రము చేసినది. 2014లో తెలంగాణ ప్రభుత్వము లక్ష వఱకు నాలుగు విడతలుగా చేసినది. 2024లో 2 లక్షల వఱకు చేసినది. అర్హులైనవారు పొందవలసినదే. అయితే 2014 నాటి మాఫీ విడతలు విడతలుగా వచ్చుచుండగా బ్యాంకు వడ్డీ నిలువలేదన్న సంగతి అనుభవించినవారికి తెలియును. 2018 ఎన్నికల మాట నమ్మి గడువు దాటించినవారిలో అనేకులు ఆఱేండ్లు క్రొత్త ఋణము పుట్టక ప్రైవేటు నోట్లమీద పంట నడపిరి. మాఫీ వచ్చినప్పుడు వచ్చుగాక. దానికొఱకు సంఘపు గడువు తప్పించుకొనుట లాభసాటి కాదని నా యభిప్రాయము. నాతో వాదించువారు మన సంఘములోనే పెక్కురు కలరు.

నిలువ లేని రైతు ఋణదాత చేతిలోనికి పోవుట మన తరమున పుట్టిన వింత కాదు. తెలంగాణమున పూర్వము ధాన్యమును "నాగు"కు తెచ్చుకొనెడివారు. ఆకలి మాసములలో పుట్టెడు తెచ్చి పంటకాలమున పుట్టెడున్నర కొలిచెడివారు. నాలుగైదు మాసములకే సగము వడ్డీ! ఈ బాధ ప్రపంచమంతటను ఉండెను. జర్మనీదేశమున రైఫైజెన్ అను గ్రామాధికారి 1846–47 కఱవులో పేదలకు రొట్టె పంచుటతో మొదలిడి, దానముతో అప్పు తీరదని గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్ గ్రామమున రైతుల సొంత పరపతి సంఘమును స్థాపించెను. ఆ మార్గమునే బ్రిటిషు ఇండియాలో 1904 చట్టము, హైదరాబాదు సంస్థానమున 1914 నాటి సహకార చట్టము అనుసరించినవి. చట్టములు వచ్చినను, చాల సంఘములు పైనుండి వచ్చిన ఋణమును క్రిందికి పంచు కచేరీలుగానే మిగిలిపోయినవి. సభ్యుల పొదుపు లేని సంఘము పరాయి నీరు పాఱు కాలువ వంటిది. పైన తూము మూసిన నాడు అడుగు కనబడును.

వేఱుగా నడచినది మనకు దూరము కాదు. అప్పటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డిగారు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగు సంఘమును నెలకొల్పిరి. చుట్టుపట్ల గ్రామముల రైతులకు ఋణము, ఎరువులు, విత్తనములు, పంట అమ్మకము అన్నియు ఒక్కచోటనే, సభ్యుల పొదుపుతో జతపఱచి నడపిరి. తరువాత కరీంనగరు, వరంగల్లు జిల్లాలలో స్త్రీలు పొదుపు సంఘములు పెట్టుకొని నెలకు కొలదికొలదిగా కూడబెట్టి తమలో తామే ఋణములు తీసికొన నేర్చిరి. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వారికి ఊతయైనది. స్త్రీల లెక్కలు మనకంటె చక్కగా ఉండునని నేను వారి పుస్తకములు చూచిన పిమ్మట ఒప్పుకొనవలసివచ్చెను.

ఆ రైతు సంగతికి మరల వత్తము. నేను ఆయనకు చెప్పిన దొక్కటే. వచ్చే ఫాల్గుణమున పసుపు పైకము ఖాతాలో పడిన నాడే, ఇంటికి పోకమునుపే, రెండు పనులు చేయుము. మొదటిది సంఘపు పంటఋణము తీర్చి కొత్తది వ్రాయించుకొనుట. రెండవది వచ్చే పంట ఖర్చును మూడు నాలుగు నెలల గడువు డిపాజిట్టుగా వేయుట. అది మృగశిర కార్తెకు తిరిగి చేతికి వచ్చునట్లు తేదీ చూచుకొనవలెను. వేడుకలు, వాహనములు మిగిలినదానిలోనుండి. పొదుపు ఖాతాలోనే యుంచెదను, తీయను అని ఆయన అనెను. ఏటీఎం కార్డు జేబులో నుండగా అది కట్టులేని గాదె వంటిదని, ఇరువదిమూడు వేలు ఎట్లు పోయినవో తలచుకొమ్మని చెప్పితిని.

ఎంత దాచవలెనన్నది ధరనుబట్టి నిర్ణయింపరాదు, ఖర్చునుబట్టి నిర్ణయింపవలెను. పసుపునకు కేంద్రప్రభుత్వపు కనీస మద్దతు ధర లేదు. ధర మన చేతిలో లేనిది. 2019 ఏప్రిల్ 11న నిజామాబాదు లోకసభ స్థానమునకు పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులేనన్న సంగతి మనవారెవ్వరును మఱచియుండరు. మన కోరుట్ల నియోజకవర్గమును అందులోనిదే గదా. క్వింటాలునకు 15,000 ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని వారు కోరిరి. బోర్డునకు 2023 అక్టోబరులో కేంద్రము ఉత్తరువిచ్చి, 2025 జనవరి 14న నిజామాబాదులో ప్రారంభించినది. ఈ నడుమ 2024 మార్చిలో నిజామాబాదు మార్కెట్టున మేలురకము క్వింటాలు 18,000 దాటెను. తరువాత మరల దిగెను. 18,000 నాటి సంతోషములో కొన్న కారునకు దిగిన ధర నాడు కిస్తు కట్టవలెను. ధర పెరిగిన యేడు విత్తనపు పాలు రెండింతలు దాచినవాడే ధర పడిన యేడు నిలుచును. చెరకు రైతులు ఇంతకన్న కఠినమైన పాఠము చదివిరి. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, ఒక్క పంట పైకమునే నమ్ముకొన్న ఇండ్లలో ఎంత కలవరము పుట్టెనో నేను చూచితిని.

మన ఇండ్లలో నెలనెలా వచ్చు పైకము తఱచుగా స్త్రీలది. మెట్‌పల్లి, కోరుట్ల పట్టణములలోను చుట్టుప్రక్కల పల్లెలలోను బీడీలు చుట్టు అక్కచెల్లెండ్ల కూలియే ఆషాఢమునుండి పుష్యము వఱకు పొయ్యి వెలిగించును. మఱికొన్ని ఇండ్లలో గల్ఫునుండి కొడుకు పంపునది. ఈ రెండును పసుపు అప్పు మిత్తికి పోవుచున్నచో ఇంటికి మిగులునదేమి? నెలకు 500 చొప్పున పదియేండ్లు తపాలా కచేరీలోనో బ్యాంకులోనో రికరింగు డిపాజిట్టు కట్టినచో, నూటికి ఆఱు వడ్డీ లెక్కన 60,000 అసలు సుమారు 82,000 అగును. పెద్ద సొమ్ము కాదు. కాని అది ఆమె పేరిట ఉండును. సొమ్ము ఎన్నియేండ్లలో రెట్టింపగునో తెలియవలెనన్నచో 72ను ఏటి వడ్డీరేటుతో భాగింపుడు. నూటికి ఏడైనచో పదియేండ్లు దాటి రెట్టింపగును. నూటికి ఇరువదినాలుగైనచో మూడేండ్లలో. మొదటిది మన డిపాజిట్టు, రెండవది చక్రవడ్డీ నడచు మన బాకీ.

ఎక్కడ దాచవలెనన్న ప్రశ్నకు దాపఱికము లేకుండ సమాధానము చెప్పవలెను. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులోను, ఇతర బ్యాంకులలోను ఒక్కొక్కరి డిపాజిట్టునకు వడ్డీతో కలిపి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల వఱకు డిపాజిట్ల బీమా సంస్థ పూచీ కలదు. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్ష మాత్రమే. తపాలా పొదుపునకు ప్రభుత్వమే పూచీ. మన ప్రాథమిక సంఘములోని డిపాజిట్టునకు ఈ బీమా వర్తింపదు. ఈ మాట సంఘపు పత్రికలోనే వ్రాయుట కొందఱికి కష్టముగ తోచవచ్చును. కాని సభ్యునకు తెలియకుండ దాచుట అంతకన్న చెడ్డది. మన సంఘములో దాచుకొనువారు ఏటేట లెక్కల తనిఖీ నివేదికను చదివి, సర్వసభ్య సమావేశమునకు వచ్చి, పంచాయితీలకు గాక లెక్కలకు ప్రశ్నలు వేయవలెను. 2001లో హైదరాబాదున కృషి సహకార పట్టణ బ్యాంకు కూలినప్పుడు సహకారమన్న పేరొక్కటే రక్ష కాదని రుజువైనది.

ఎక్కువ వడ్డీ ఆశచూపు ప్రైవేటు సంస్థలను గూర్చి చెప్పనక్కఱలేదనుకొందును. అగ్రిగోల్డు వ్యవహారమున సుమారు 32 లక్షల ఖాతాదారుల సొమ్ము దాదాపు 6,380 కోట్లు చిక్కుకొన్నది. చిట్టీలు అన్నియు చెడ్డవి కావు. 1982 నాటి చిట్‌ఫండు చట్టము క్రింద రిజిష్టరైన చిట్టీలో నిర్వాహకుని కమీషను నూటికి ఏడు మించరాదని 2019 సవరణ నిర్ణయించినది. ముందు పాడుకొన్నవాడు వడ్డీ కట్టినట్లే. చివఱ తీసికొన్నవాడు వడ్డీ పొందినట్లే. రిజిష్టరు కాని చిట్టీలో మాత్రము నిర్వాహకుని ముఖమే దస్తావేజు. ఇతరులకు బుద్ధులు చెప్పు నేనే పదునాలుగు నెలలు అట్టి చిట్టీ కట్టి, పదునైదవ నెలలో తాళము వేసిన యింటిని చూచి వచ్చితిని. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున ప్రతి శనివారము చేతిఖర్చు లెక్క వ్రాసి చూపవలసియుండెడిది. రూపాయి తేలకున్నచో ఆటకు పంపెడివారు కారు. ఆ చదువు చదివినవానికే ఆశ పుట్టినప్పుడు కండ్లు కనబడలేదు.

బంగారము మన స్త్రీధనము; ఆపదలో బ్యాంకులో కుదువబెట్టుటకు అనుకూలము. కాని నగలో కూలి, తరుగు పోవునని మఱవరాదు. అప్పుచేసి భూమి కొనుట, ఇరువదినాలుగు మిత్తికి తెచ్చి కొనుట యైనచో, ఉన్న భూమికి గూడ ముప్పు తెచ్చును.

ఖాతాల విషయమున ఒక్కటి మాత్రము నొక్కి చెప్పెదను. నామినీ పేరు వ్రాయింపుడు. ఇంటి యజమాని అకస్మాత్తుగా మరణించినప్పుడు ఖాతాలో సొమ్ముండియు, నామినీ లేనందున వారసత్వపు పత్రమునకై భార్య నెలల తరబడి కచేరీల చుట్టు తిరుగుట నేను చూచితిని. అంత్యక్రియలకు మరల రెండు రూపాయల మిత్తికే తెచ్చిరి. 2018 ఆగష్టులో మొదలైన రైతుబీమా 5 లక్షలు గూడ నామినీకే వచ్చును. అందులో చనిపోయిన తల్లిదండ్రుల పేరులే యున్నవారు వెంటనే మార్పింపవలెను. ఫోనులో వచ్చు ఓటీపీ అంకెలను బ్యాంకువాడనని చెప్పిననైనను ఎవ్వరికిని చెప్పరాదు. తెల్ల ప్రోనోటుమీద సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయరాదు.

ఆ రైతు ఆ యేడు ఎనుబదివేలును రెండు రూపాయల మిత్తికే తెచ్చెను. నేను జమానతు మాట చెప్పలేదు, ఆయనకు కోపము వచ్చెను. మఱుసటి ఫాల్గుణమున ధర పడి 2,40,000 మాత్రమే వచ్చినను యార్డునుండి నేరుగా బ్యాంకునకు పోయి 50,000 గడువు డిపాజిట్టు వేసెను. పంటఋణము తీర్చుట ఆ యేడు సాగలేదు. మూడవయేడు తీర్చెను, డిపాజిట్టు ఎనుబదివేలైనది. నిరుడు జ్యేష్ఠమున కనబడినప్పుడు, "సారూ, ఈసారి మిత్తి లేదు" అని చెప్పి, మడిలో దుంపకుళ్ళు కనబడుచున్నది, ఏమి చేయవలెనని అడిగెను.